హార్డ్ డిస్క్ లేని సిస్టమ్ ఎలా లేస్తుంది?

విశాఖ డాబాగార్డెన్స్‌లో ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో నేను కంప్యూటర్ల పని చూస్తాను. పోర్టుకొచ్చే సరుకుల కాగితాలు అక్కడ తయారవుతాయి. మొత్తం 24 సిస్టమ్‌లు. ఒక రోజు అకౌంట్స్ మేడమ్ గారి సీపీయూలో దుమ్ము దులుపుదామని పక్క డోర్ విప్పాను. ఆవిడ వంగి చూసి, "హార్డ్ డిస్క్ ఏదండీ?" అన్నారు. లేదండీ అన్నాను. డిస్క్ ఉండాల్సిన అర ఖాళీగా ఉంది. దానికి వెళ్లాల్సిన వైర్లు రెండూ మడిచి ట్యాగ్ వేసి ఉన్నాయి. ఆవిడ మొహంలో రంగు మారిపోయింది. "మరి ఇన్నాళ్లూ నేను చేసిన పనంతా ఎక్కడుంది?"

ఆవిడ అడగాల్సిన ప్రశ్నే అడిగారు. జవాబు చెప్పడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో చెప్పిందీ, చెప్పకుండా మిగిలిపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఆఫీసులో 22 సిస్టమ్‌లకి డిస్క్ లేదు. పొద్దున్న బటన్ నొక్కగానే అవి ల్యాన్ కేబుల్ గుండా సర్వర్‌ని అడిగి, ఆపరేటింగ్ సిస్టమ్‌ని అక్కణ్ణుంచి తెచ్చుకుని లేస్తాయి. దీన్నే నెట్‌వర్క్ బూట్ అంటారు. డిస్కులు కొనే డబ్బు మిగులుతుందని ఈ పని చేస్తారని చాలామంది అనుకుంటారు. ఎస్ఎస్‌డీలు ఇంత చవకైపోయిన రోజుల్లో అది పెద్ద కారణం కాదు. అసలు సంగతి బరువు ఎక్కడ మోస్తున్నాం అన్నది. 22 చోట్ల పాడయ్యే అవకాశాన్ని తీసుకొచ్చి ఒక్క చోట పెడుతున్నాం. ఆ ఒక్క చోటునీ కంటికి రెప్పలా చూసుకోగలిగితే ఇది వరం. చూసుకోలేకపోతే, ఒక్క సిస్టమ్ ఆగాల్సిన చోట ఆఫీసు మొత్తం ఆగుతుంది.

చెట్టు ముందా, విత్తు ముందా

మామూలు సిస్టమ్‌లో డిస్క్ రెండు పనులు చేస్తుంది. మన ఫైళ్లు దాచడం ఒకటి. ఆపరేటింగ్ సిస్టమ్‌ని దాచి ఉంచి, కరెంటు రాగానే మెమరీలోకి అందించడం రెండోది. మొదటి పని సర్వర్‌కి అప్పగించడంలో కొత్తేమీ లేదు, షేర్డ్ ఫోల్డర్ వాడే ప్రతి ఆఫీసూ చేస్తున్నదే. చిక్కంతా రెండో దానితోనే. నెట్‌వర్క్‌లోకి వెళ్లాలంటే ఒక ప్రోగ్రామ్ నడవాలి. ఆ ప్రోగ్రామేమో నెట్‌వర్క్ అవతల ఉంది.

ఈ ముడి విప్పే చిన్న ప్రోగ్రామ్ ఒకటి నెట్‌వర్క్ కార్డులోనో, మదర్‌బోర్డు బయాస్‌లోనో (కరెంటు రాగానే మొదట నడిచే ప్రోగ్రామ్ అది) ముందే ఉంటుంది. పేరు పీఎక్స్ఈ. పిక్సీ అని పలుకుతారు. ఇంటెల్ కంపెనీ 1999లో ఖరారు చేసిన 2.1 వెర్షనే చాలా ఏళ్లు అందరికీ ప్రమాణంగా నడిచింది. ఇవాళ మీ ఆఫీసులో ఉన్న సిస్టమ్‌లో కూడా ఇది ఉండే ఉంటుంది. బయాస్ సెట్టింగుల్లో బూట్ ఆర్డర్ చూస్తే నెట్‌వర్క్ అనే పేరు కనిపిస్తుంది, మనం దాని జోలికి వెళ్లం అంతే.

బటన్ నొక్కిన క్షణంలో సిస్టమ్‌కి తన గురించి తెలిసింది ఒక్కటే, కార్డు మీద ఫ్యాక్టరీలో రాసిపెట్టిన 48 బిట్ల మ్యాక్ అడ్రస్. తన ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో తన చిరునామా తెలియదు, సర్వర్ ఎక్కడుందో తెలియదు. ఊరికి కొత్తగా వచ్చినవాడు మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి, చేతిలో చిరునామా కూడా లేకుండా, "నేను ఫలానా, నన్ను తీసుకెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడనుకోండి. సిస్టమ్ చేసేదీ అదే. నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ చేరేలా ఒక ప్యాకెట్ పంపుతుంది. అడ్రస్‌లు పంచిపెట్టే డీహెచ్‌సీపీ సర్వర్ ఆ కేక విని మూడు సంగతులు చెబుతుంది: నీ ఐపీ అడ్రస్ ఇది, నువ్వు వెళ్లాల్సిన సర్వర్ ఇది, అక్కడ అడగాల్సిన ఫైలు పేరు ఇది.

ఆ ఫైలు ఒక బూట్ లోడర్, చాలా చిన్నది. అది వచ్చి మెమరీలో కూర్చుని, తర్వాతి పెద్ద ఫైళ్లని అడుగుతుంది. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయితే అవి దాని గుండెకాయ లాంటి కెర్నెల్, దానితోపాటు ఇనిట్‌ఆర్‌డీ అనే మూట. ఆ మూటలో నెట్‌వర్క్ కార్డు డ్రైవర్లు, సర్వర్‌లోని ఫోల్డర్‌ని తనదిగా చేసుకునే పనిముట్లు ఉంటాయి. కెర్నెల్ లేచాక అంతవరకూ పిక్సీ వాడిన అడ్రస్‌ని మామూలుగా పక్కన పెట్టి, తనే కొత్తగా డీహెచ్‌సీపీని మళ్లీ అడుగుతుంది. అంటే ఒక్క బూట్‌లో ఆ కేక రెండుసార్లు పడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద దీనితో పని పడుతుంది. చివరగా సర్వర్‌లో ఉన్న ఫైల్ సిస్టమ్‌ని ఎన్ఎఫ్ఎస్ (సర్వర్ ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీద వాడుకునే పద్ధతి) ద్వారానో, ఐస్కజీ (సర్వర్ డిస్క్‌ని సొంత డిస్క్‌లా చూపించే పద్ధతి) లాంటి దానితోనో తగిలించుకుంటుంది. లాగిన్ స్క్రీన్ వస్తుంది. కుర్చీలో కూర్చున్న మనిషికి ఇందులో ఏదీ కనబడదు.

512 బైట్ల కథ

ఈ గొలుసులో అన్నిటికన్నా పాత లింకు టీఎఫ్‌టీపీ, అంటే ఫైలు తెచ్చే పద్ధతి. 1981 నాటిది. కార్డు మీది చిన్న చిప్‌లో పట్టేంత సులువుగా ఉండాలని కావాలనే అలా చేశారు. పాస్‌వర్డ్ లేదు, ఫోల్డర్ లిస్టు లేదు. ఫైలుని 512 బైట్ల ముక్కలుగా చేసి, ఒక ముక్క పంపి, "అందింది" అని జవాబొచ్చాకే రెండో ముక్క పంపుతుంది.

లెక్క వేసి చూడండి. కెర్నెల్, ఇనిట్‌ఆర్‌డీ కలిపి 50 ఎంబీ ఉంటే ముక్కలు లక్ష దాటుతాయి. ఒక్కో ముక్క పోయి జవాబు రావడానికి ఒక మిల్లీసెకను పట్టినా, మొత్తం 100 సెకన్లు. కేబుల్ ఎంత వేగమైనదైనా ఇందులో మార్పు ఉండదు, ఎందుకంటే సమయమంతా మోయడానికి కాదు, ఎదురుచూడటానికే పోతోంది. ఇంకో చిక్కుంది. ముక్క నంబరు రాయడానికి ఇచ్చిన చోటు 16 బిట్లే, అంటే 65,535 దాకానే లెక్క. దాన్ని 512తో గుణిస్తే 32 ఎంబీ. అంతకన్నా పెద్ద ఫైలైతే నంబరు మళ్లీ సున్నా నుంచి మొదలవ్వాలి. కొన్ని పాత కార్డులు అక్కడ తికమకపడి ఆగిపోతాయి. తర్వాత ముక్క సైజు పెంచుకునే వీలు కల్పించారు గానీ, అది అన్ని కార్డుల్లోనూ సరిగ్గా పనిచేయదు.

అందుకే ఇప్పుడు ఎక్కువమంది టీఎఫ్‌టీపీతో ఐపీఎక్స్ఈ అనే చిన్న లోడర్‌ని మాత్రం తెప్పించి, అక్కణ్ణుంచి పెద్ద ఫైళ్లని వెబ్‌సైట్లు తెరిచే హెచ్‌టీటీపీ మీద తెచ్చుకుంటున్నారు. ఐపీఎక్స్ఈ 2010లో విడిగా మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. నేను కూడా అదే వాడతాను. డాబాగార్డెన్స్ ఆఫీసులో ఈ ఒక్క మార్పు చేశాక, పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేసి టీకి వెళ్లే అలవాటు పోయింది.

మరి అందరూ ఒకే ఇమేజ్ వాడితే?

22 మంది ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ కాపీని వాడుతున్నారు, ఆ కాపీనే ఇమేజ్ అంటారు. అందరూ అందులోకి రాస్తే గందరగోళం కాదా? అందుకే ఆ కాపీ చదవడానికి మాత్రమే ఉంటుంది. అచ్చు పుస్తకం పేజీ మీద పల్చటి ట్రేసింగ్ పేపర్ పరిచి పెన్సిల్‌తో గీసుకోవడం లాంటి ఏర్పాటు ఇది. కింద ఉన్న పేజీ అందరిదీ, దానికి మచ్చ పడదు. పైన ఉన్న కాగితం ఎవరిది వాళ్లది. లినక్స్‌లో ఆ కాగితం పేరు ఓవర్‌లే. అది మామూలుగా ర్యామ్‌లో ఉంటుంది. సిస్టమ్ ఆపేస్తే ఆ కాగితం పోతుంది. వైరస్ వచ్చినా, ఎవరైనా సెట్టింగులు చెడగొట్టినా, ఒక్కసారి ఆపి వేస్తే మళ్లీ శుభ్రమైన పేజీ.

మరి మేడమ్ గారి పని? ఆవిడ హోమ్ ఫోల్డర్ ఓవర్‌లేలో లేదు. అది సర్వర్‌లో, విడిగా, ఆవిడ పేరుతోనే ఉంటుంది. ఆ సర్వర్‌లో ఒకటి పోయినా రెండోది నిలబడేలా రెండు డిస్కులు అద్దంలా ఒకదాన్నొకటి నకలు చేసుకుంటూ ఉంటాయి. ప్రతి రాత్రీ మూడో చోటికి బ్యాకప్ వెళ్తుంది. ఆవిడ సీపీయూలో డిస్క్ ఉన్న రోజుల్లో ఆ ఫైళ్లకి బ్యాకప్పే లేదు. ఇది విన్నాక ఆవిడ స్థిమితపడ్డారు. ఇంకో మాట కూడా చెప్పాను: తన సిస్టమ్ పాడైతే పక్క సీట్లో కూర్చుని లాగిన్ అయినా తన డెస్క్‌టాపే వస్తుంది.

ఇక్కడ ఒక తప్పు నేను చేశాను కాబట్టి చెబుతాను. మొదట్లో బ్రౌజర్ క్యాష్, అంటే చూసిన పేజీల నుంచి అది దాచుకునే ఫైళ్లు, ఎక్కడికి పోతోందో పట్టించుకోలేదు. అది ఓవర్‌లేలోకి, అంటే ర్యామ్‌లోకి పోతోంది. 4 జీబీ ఉన్న సిస్టమ్‌లు మధ్యాహ్నానికల్లా ఉక్కిరిబిక్కిరయ్యేవి. డిస్క్ లేదు కాబట్టి స్వాప్, అంటే ర్యామ్ నిండితే డిస్క్ మీద వాడుకునే చోటు, కూడా లేదు. క్యాష్‌కి హద్దు పెట్టి, ర్యామ్ 8 జీబీ చేశాక తేరుకున్నాయి. డిస్క్ మీద మిగిలే డబ్బుని ముందుగా ర్యామ్‌లోనే పెట్టాలి.

ఇంకో అపోహ గురించి కూడా చెప్పాలి. డిస్క్‌లెస్ అంటే థిన్ క్లయింట్ అనుకుంటారు, అంటే సిస్టమ్ ఉత్త తెర మాత్రమే, పనంతా సర్వర్ ప్రాసెసరే చేస్తుందని. కానక్కర్లేదు. మా దగ్గర ప్రతి సిస్టమూ తన ప్రాసెసర్‌తో, తన ర్యామ్‌తోనే పనిచేస్తుంది. సర్వర్ ఇచ్చేది ఫైళ్లు మాత్రమే. అందుకే మాకు భారీ సర్వర్ అక్కర్లేకపోయింది. 1999లో మొదలైన ఎల్‌టీఎస్‌పీ అనే లినక్స్ ప్రాజెక్టు తొలినాళ్లలో థిన్ క్లయింట్ల కోసమే. తర్వాత అందులోనూ సొంత ప్రాసెసర్ వాడుకునే పద్ధతి వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1980లలో సన్ మైక్రోసిస్టమ్స్ డిస్క్ లేని వర్క్‌స్టేషన్లు అమ్మింది. వాటి కోసమే ఎన్ఎఫ్ఎస్ లాంటివి ఊపందుకున్నాయి. అప్పట్లో డిస్కులు బంగారంలా ఉండేవి కాబట్టి కారణం నిజంగానే ఖర్చు.

పొద్దున్న తొమ్మిదిన్నర

ఆఫీసు తెరిచే సమయానికి 22 మందీ ఒకేసారి బటన్ నొక్కుతారు. ఒక్కో సిస్టమ్ లేవడానికి 300 ఎంబీ చదివిందనుకుందాం. మొత్తం 6,600 ఎంబీ. గిగాబిట్ కేబుల్ మీద సెకనుకి 110 ఎంబీ వస్తే, ఒక నిమిషంలో అందరూ లేస్తారు. అదే పాత 100 మెగాబిట్ల స్విచ్ (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) అయితే వేగం గిగాబిట్‌లో పదో వంతే, కాబట్టి సమయం పదింతలు, పది నిమిషాల పైమాటే. పాత స్విచ్‌తోనే కానిచ్చేద్దాం అనేవాళ్లకి నేను ఈ లెక్కే చూపిస్తాను.

సర్వర్ డిస్క్ మాత్రం అనుకున్నంత ఇబ్బంది పడదు. 22 సిస్టమ్‌లూ అడిగేది అవే ఫైళ్లు కాబట్టి, మొదటివాళ్ల కోసం చదివినవి సర్వర్ ర్యామ్‌లో ఉండిపోతాయి, మిగతావాళ్లకి అక్కణ్ణుంచే వడ్డిస్తుంది. సర్వర్‌కి ర్యామ్ దండిగా పెట్టమనేది అందుకే. కావాలంటే 9:15 నుంచి నాలుగేసి సిస్టమ్‌ల చొప్పున సర్వరే లేపవచ్చు. వేక్ ఆన్ ల్యాన్ అనే 102 బైట్ల ప్యాకెట్ చాలు. అందులో ఉండేది ఆరు ఎఫ్ఎఫ్ బైట్లు, ఆ తర్వాత ఆ సిస్టమ్ మ్యాక్ అడ్రస్ 16 సార్లు.

స్విచ్ దగ్గర మరో వల ఉంది. సెట్టింగులు మార్చుకోగలిగే మేనేజ్డ్ స్విచ్‌లలో స్పానింగ్ ట్రీ అనే కాపలా ఆన్‌లో ఉంటే, కేబుల్ అవతల ప్రాణం రాగానే స్విచ్ వెంటనే దారి ఇవ్వదు. ఎక్కడైనా లూప్ (కేబుళ్లు గుండ్రంగా తిరిగి అదే చోటికి రావడం) ఉందేమోనని పాత పద్ధతిలో 15 సెకన్లు, ఇంకో 15 సెకన్లు చూస్తుంది. ఈలోగా సిస్టమ్ వేసిన కేకలు గాలిలో కలిసిపోతాయి. పైగా కెర్నెల్ లేచి కార్డుని తన చేతుల్లోకి తీసుకున్నప్పుడు లింకు ఒక్క క్షణం పడిపోతే ఆ 30 సెకన్లు మళ్లీ మొదటి నుంచి. సిస్టమ్‌లు తగిలించే పోర్టుల్లో పోర్ట్‌ఫాస్ట్ అనే సెట్టింగ్ పెడితే ఈ బాధ పోతుంది. దీన్ని కనిపెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది, కేబుళ్లన్నీ అనవసరంగా మార్చేశాను.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది ఒక సోమవారం. తొమ్మిదిన్నరకి ఆఫీసు కుర్రాడు ఫోన్. "సార్, ఏటో నల్ల స్క్రీన్ వచ్చీసింది, సగం సిస్టమ్‌లు లెగట్లేదు." వెళ్లి చూస్తే కొన్నిటి మీద పీఎక్స్ఈ-ఈ53, అంటే బూట్ ఫైలు పేరు అందలేదని. ఇంకొన్ని కెర్నెల్ దాకా వచ్చి, ఫైల్ సిస్టమ్ దొరక్క బిక్కమొహం వేసుకుని నిలబడ్డాయి. మిగతావి హాయిగా పనిచేస్తున్నాయి. సర్వర్ బాగానే ఉంది.

ఆదివారం ఎవరో వైఫై రూటర్ మార్చారు. స్విచ్ నుంచి వచ్చే కేబుల్‌ని దాని వ్యాన్ పోర్టులో (బయటి నెట్‌వర్క్ వైపుది) కాక ల్యాన్ పోర్టులో (లోపలి సిస్టమ్‌ల వైపుది) పెట్టారు. ఆ రూటర్‌లోనూ ఒక డీహెచ్‌సీపీ సర్వర్ ఉంటుంది. కాంప్లెక్స్‌లో అరిచినవాడికి ఇద్దరు బదులిస్తున్నారన్నమాట. ఒకరికి ఇల్లు తెలుసు, ఇంకొకరికి తెలియదు. పైన చెప్పిన రెండో కేక ఇక్కడ గుర్తు చేసుకోండి. పిక్సీ దశలో సరైన జవాబు అందుకున్నవి కూడా, కెర్నెల్ మళ్లీ అడిగినప్పుడు ముందు వచ్చిన రూటర్ జవాబు పట్టుకుని దారి తప్పాయి. కేబుల్ పీకగానే అంతా సర్దుకుంది. ఆ వారమే స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టాను. ఇప్పుడు సర్వర్ ఉన్న పోర్టు నుంచి తప్ప వేరే ఎక్కణ్ణుంచి డీహెచ్‌సీపీ జవాబొచ్చినా స్విచ్ దాన్ని పారేస్తుంది. ఆ సెట్టింగ్ లేకుండా నేనిక ఏ ఆఫీసులోనూ ఈ పని మొదలుపెట్టను.

ఉప్పు గాలి, కరెంటు

విశాఖలో పనిచేసేవాళ్లకి ఉప్పు గాలి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. బీచ్ రోడ్డు వైపు ఆఫీసుల్లో కిటికీ పక్కన పెట్టిన సీపీయూ స్క్రూలు రెండేళ్లకే తుప్పుపడతాయి. మామూలు హార్డ్ డిస్క్ పూర్తిగా మూసిన డబ్బా కాదు. లోపలా బయటా గాలి ఒత్తిడి సమం కావడానికి ఫిల్టర్‌తో చిన్న రంధ్రం ఉంటుంది, మూయొద్దని దాని పక్కనే రాసి ఉంటుంది కూడా. దాని అడుగున ఉన్న సర్క్యూట్ బోర్డు విప్పి చూస్తే కాంటాక్టులు నల్లబడి ఉండటం చాలాసార్లు చూశాను. డిస్క్ తీసేస్తే ఆ బెంగ పోతుంది నిజమే. కానీ ఉప్పు గాలి ఎక్కడికీ పోదు. ఇప్పుడు సిస్టమ్ ప్రాణమంతా ల్యాన్ కేబుల్ కొసన ఉన్న ఎనిమిది పిన్నుల్లో ఉంది. చవక కనెక్టర్ వేస్తే వాటికి చిలుము పడుతుంది, లింకు గిగాబిట్ నుంచి 100కి జారిపోతుంది, సిస్టమ్ స్లో అయిందని ఫిర్యాదు వస్తుంది. అందుకే మంచి కనెక్టర్లు కొంటాను, ఆరు నెలలకోసారి ప్రతి పోర్టు వేగం సర్వర్ నుంచి చూస్తాను.

కరెంటు విషయంలో మాత్రం లాభమే లాభం. కరెంటు ఉన్నట్టుండి పోతే డిస్క్ ఉన్న సిస్టమ్‌లో ఫైల్ సిస్టమ్ చెడే భయం ఉంటుంది. ఇక్కడ చెడటానికి ఏమీ లేదు, సేవ్ చేయని పని మాత్రం పోతుంది. ఒకసారి స్విచ్‌కి ఉన్న అడాప్టర్ వదులై పావుగంట ఆగింది. సిస్టమ్‌లన్నీ యూపీఎస్ మీద ఉన్నాయి. తెరలు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి, మౌస్ బాణం మాత్రం కదులుతోంది. సర్వర్ పలకడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నానని లాగ్‌లో రాసుకుంటూ కూర్చున్నాయి. స్విచ్ లేవగానే, టైప్ చేస్తున్న వాక్యం మధ్యలోంచే పని సాగింది. ఎన్ఎఫ్ఎస్‌లో హార్డ్ మౌంట్ అంటే ఇదే, జవాబు వచ్చేదాకా పట్టు వదలకుండా ఎదురుచూడటం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీలు పగిలి వాన నీళ్లు నేరుగా టేబుళ్ల మీదికి కొట్టిన ఆఫీసుల్ని చూశాను. ఎవరి సీపీయూలో ఏముందో ఎవరికీ తెలియదు. తడిసిన డిస్కులు సంచుల్లో వేసుకుని తిరిగాం. ఈరోజు తుపాను హెచ్చరిక వస్తే నేను కాపాడుకోవాల్సింది ఒక్క సర్వర్‌ని, ఒక బ్యాకప్ డిస్క్‌ని. మిగతా 22 డబ్బాలూ తడిసినా వేరేవి కొనుక్కోవచ్చు.

ఆ ఒక్క సర్వరే పోతే? అదే అసలు ప్రమాదం. కాబట్టి రెండో సర్వర్ తప్పనిసరి. కొత్తది కానక్కర్లేదు, పాత డెస్క్‌టాప్ అయినా చాలు, రోజూ అదే ఇమేజ్, అవే ఫైళ్లు అందులోకి కాపీ అవుతూ ఉండాలి. మూడు నెలలకోసారి నేను శనివారం సాయంత్రం మొదటి సర్వర్ కేబుల్ పీకేసి, రెండోదాంతో ఆఫీసు లేస్తుందో లేదో చూస్తాను. రెండో సర్వర్‌కి డబ్బు పెట్టం అన్న ఆఫీసులకి ఈ పని వద్దని చెప్పేశాను.

అప్‌డేట్లు చేసే తీరు చూస్తే ఇంత శ్రమ ఎందుకో అర్థమవుతుంది. ఇదివరకు కొత్త ప్రింటర్ వస్తే పెన్‌డ్రైవ్ పట్టుకుని సీటు సీటుకీ తిరిగేవాణ్ణి. ఇప్పుడు సర్వర్‌లో ఇమేజ్‌కి కాపీ తీసి, ఆ కాపీలో డ్రైవర్ ఎక్కించి, ఒక్క సిస్టమ్‌ని దానితో లేపి చూస్తాను. బాగుంటే రాత్రికి పేరు మారుస్తాను. పొద్దున్న 22 సిస్టమ్‌లూ కొత్త ఇమేజ్‌తో లేస్తాయి. ఏదైనా తేడా కొడితే పాత పేరు పెట్టి రీస్టార్ట్ చేయమంటాను, అంతే.

భద్రత గురించి ఒక్క మాట. డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ ఎవరు అడిగారో చూడవు. గోడ సాకెట్‌లో ల్యాప్‌టాప్ పెట్టిన ఎవరికైనా మీ ఇమేజ్ దొరుకుతుంది. అందులో పాస్‌వర్డ్‌లు, వైఫై కీలు లాంటివి ఉంచకండి.

విండోస్‌ని ఇలా నడపొచ్చా అని అందరూ అడుగుతారు. ఐస్కజీ ద్వారా నడపొచ్చు, కానీ లైసెన్సు షరతులు చూసుకోవాలి, విండోస్ ఎప్పుడూ ఏదో ఒకటి డిస్క్ మీద రాస్తూనే ఉంటుంది కాబట్టి సర్వర్ మీద బరువూ ఎక్కువే. మేం లినక్స్‌కి వెళ్లాం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగింది. విండోస్ 11 ఎక్కని పాత సిస్టమ్‌లు మా దగ్గర చాలా ఉన్నాయి, అవి ఇప్పుడు ఇలాగే పనిచేస్తున్నాయి. జీఎస్‌టీ పనులు బ్రౌజర్‌లో అయిపోతాయి. ట్యాలీ మాత్రం ఒక విండోస్ సర్వర్‌లో ఉంది, రిమోట్ డెస్క్‌టాప్‌తో తెరుస్తారు. నాలుగైదు సిస్టమ్‌లే ఉన్న ఆఫీసుకైతే ఇదంతా వద్దంటాను, వాళ్లకి ఎస్ఎస్‌డీలూ ఒక మంచి బ్యాకపూ చాలు.

24లో మిగిలిన ఆ రెండు సిస్టమ్‌లు కస్టమ్స్ ఫైలింగ్‌వి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ యూఎస్‌బీలో పెట్టి సంతకం చేయాలి. దాని డ్రైవర్లతో లినక్స్‌లో వారం రోజులు కుస్తీ పట్టి, ఒక షిప్‌మెంట్ ఆలస్యమయ్యే పరిస్థితి వచ్చాక ఆపేశాను. ఆ రెండింటిలోనూ ఇప్పటికీ ఎస్ఎస్‌డీ ఉంది, విండోసే ఉంది.